మా అత్త చూసిన మూడో భాగం

ఆ రోజుల్లో తిరుపతిలో సొంతిల్లో అద్దెయిల్లో ఏదో ఒకటి ఉన్నవాళ్ళకు చుట్టాల కొరత ఉండేది కాదు. మిగతా ఊళ్ళకు చుట్టాలు పెళ్ళికో పురుడుకో వస్తారు. మా ఊరికి దేవుడి పేరు చెప్పుకుని వస్తారు కాబట్టి ఎందుకొచ్చారనీ, ఎన్నాళ్ళుంటారనీ అడిగే నోరు ఎవరికీ ఉండదు. దానికి తోడు మా నాయన కొండకు సంబంధించిన ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన గుమాస్తాగిరీకి ఆఫీసులో లేని విలువ మా చుట్టాల్లో ఉండేది. 'మనోడు ఆడనే ఉండాడు, దర్శనం చిటికెలో అయిపోతాది' అనుకుని ధైర్యంగా బయల్దేరేవాళ్ళు. నిజానికి నాయన చేయగలిగిందల్లా ఏ క్యూ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం. మిగతాదంతా నా పని. బస్టాండులో ఎదురెళ్ళడం, కొండ బస్సెక్కించడం, దిగొచ్చాక తిరుచానూరు తీసుకెళ్ళడం, ఇంకా పొద్దు మిగిలితే చంద్రగిరి కోట చూపించడం, చివరికి ఊరి బస్సెక్కించి చెయ్యి ఊపడం. (చంద్రగిరిలో రాజుగారు ఎక్కడ కూర్చునేవారో నేను చెప్పినన్ని రకాలుగా ఇంకెవరూ చెప్పి ఉండరు. చుట్టాల ఓపికను బట్టి రాజుగారు పై అంతస్తులోనో, కిందనే మెట్ల దగ్గరో కూర్చునేవారు.)

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. నడినెత్తిన పాపిడి తీసి, జుట్టు రెండు పక్కలా కళ్ళమీదికి జారవిడిచి, దాన్ని మాటిమాటికీ ఊదుకుంటూ తిరిగేవాణ్ణి. కాలేజీలో నాకు ముగ్గురు స్నేహితులు. వాళ్ళలో ముఖ్యుడు దళసరి కళ్ళద్దాల వాడు, మేము సోడాబుడ్డి అని పిలిచేవాళ్ళం. వాళ్ళ ముందు నేను మా చుట్టాలంతా మద్రాసులోనూ బెంగుళూరులోనూ ఉన్నట్టు మాట్లాడేవాణ్ణి. బెల్లం ముద్దలూ చింతపండు మూటలూ నెత్తిన పెట్టుకుని దిగే అసలు చుట్టాల ఊసు ఎత్తేవాణ్ణి కాదు. ఎవరైనా వచ్చిన రోజు కాలేజీకి ఎగనామం పెట్టి, మర్నాడు జ్వరం అని చెప్పేవాణ్ణి. ఆ లెక్కన ఏడాదిలో సగం రోజులు నాకు జ్వరమే.

మా నలుగురికీ ఉమ్మడి పిచ్చి ఒకటుండేది. అది తెలుగులోకి డబ్బింగ్ అయి వచ్చే భయం సినిమాలు. ముఖ్యంగా ఒక వరస సినిమాలు ఉండేవి (పేరెందుకు లెండి, ఆ జాతి సినిమాలన్నీ ఒకటే). మొహానికి గోనెపట్టా కట్టుకున్న వాడొకడు కొడవలి పట్టుకుని సెలవులకు వచ్చిన కాలేజీ పిల్లల్ని ఒక్కొక్కరినీ నరుకుతూ పోతాడు. చివర్లో వాణ్ణి కాల్చో, ముంచో చంపేస్తారు. మరుసటి భాగంలో వాడు మళ్ళీ లేచి వస్తాడు. మొదటి రెండు భాగాలూ మేము నలుగురం కలిసి చూశాం. మూడోది వచ్చింది. నాకు పరీక్షలు కాబట్టి సినిమాలు బంద్ అని నాయన హుకుం వేశారు. సరిగ్గా అప్పుడే మా అత్త దిగింది.

అత్త అంటే మా నాయనకు అక్క. ఊరు పుంగనూరు వైపు పల్లె. చెరుకు వేసి, బెల్లం వండి, వచ్చినప్పుడల్లా ఒక బెల్లం అచ్చు పట్టుకొచ్చేది కనుక మాకు బెల్లం అత్త. అంతకు ముందు సంవత్సరమే మామ పోయాడు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా కొండెక్కరు కాబట్టి, ఏడాది పూర్తయిన వారానికే వచ్చేసింది. వచ్చి కల్యాణకట్టకు నడిచి గుండు చేయించుకుంది. పొడుగాటి జుట్టు ఆమెకు. నేను 'ఎందుకత్తా, మూడు కత్తెర్లు ఇస్తే సాలదా' అన్నాను. 'బోరులో నీళ్ళు పడితే తల ఇస్తానని మీ మామ మొక్కుకున్నాడు. నీళ్ళు పడె. ఆయప్ప మొక్కు తీర్చకనే పాయె. ఎవురో ఒకరు తీర్చల్ల కదరా అబ్బోడా' అంది. నున్నటి తలకు గంధం పూసుకుని, దాని మీద కొంగు కప్పుకుని కిందికి దిగింది. ఊరి బస్సు సాయంత్రం ఆరింటికి. అప్పటికి టైము పన్నెండు.

'అత్తను యాడికన్నా తీసకపోరా, ఏడాదిగా నవ్విందే లేదు' అంది అమ్మ. నాకు మెరుపులా ఆలోచన తట్టింది. 'సినిమాకు తీసుకుపోనా? భక్తి సినిమా ఆడతా ఉండాది' అన్నాను. పరీక్షలున్నా భక్తికి అడ్డు చెప్పే ఇల్లు కాదు మాది. అమ్మ సంతోషంగా పంపింది. హాలు ముందు గోడ మీద గోనె మొహం వాడు కొడవలి ఎత్తి నిలుచుని ఉన్నాడు. అత్త వాణ్ణి తేరిపార చూసి, 'ఈడేనా దేవుడు?' అంది. నేను సిగ్గు లేకుండా 'చివర్లో తెలుస్తాది పద' అన్నాను.

సినిమాలో కథంటూ ఏమీ లేదు. ఏడుగురు పిల్లలు అడవిలో ఒక పాత బంగళాకు వస్తారు. పెట్రోలు బంకు దగ్గర ముసలాయన పోవద్దని చెబుతాడు, పోతారు. కారు చెడిపోతుంది. ఫోను పనిచేయదు. కరెంటు పోతుంది. ఎక్కువగా నవ్వేవాడు మొదట పోతాడు. తర్వాత జంటగా చెరువుకు వెళ్ళినవాళ్ళు పోతారు. బుద్ధిగా పుస్తకం చదువుకునే పిల్ల చివరిదాకా మిగులుతుంది. డబ్బింగ్ చెప్పినవాళ్ళు ఇద్దరే అనుకుంటాను, అందరూ ఒకే గొంతుతో చచ్చేవాళ్ళు. మేము ముందు రెండు భాగాలూ దీనికే చూశాం, మూడోదీ దీనికే వచ్చాను. ఎవరు ఎప్పుడు పోతారో ముందే చెప్పి గొప్పవాణ్ణనిపించుకోవడంలో ఉన్న సుఖం ఆ వయసుకు చాలా పెద్దది.

అయితే ఆ రోజు ఆ గొప్ప నాకు దక్కలేదు. మొదటివాడు చచ్చిన తర్వాత అత్త ముందుకు వంగింది. కొడవలి వైపు చూసి, 'అట్ల పట్టుకుంటే చెరుకు గెడ గూడా తెగదు' అని పెదవి విరిచింది. తర్వాత ఒకడు టార్చిలైటు తీసుకుని 'మీరిక్కడే ఉండండి, నేను ఇప్పుడే వచ్చేస్తా' అని బయటికి నడవగానే, అత్త గట్టిగా 'ఒరేయ్ పోవద్దురా!' అని కేక పెట్టింది. హాలంతా నవ్వింది. వాడు పోయాడు, చచ్చాడు. 'సెప్తే వినల్ల' అంది అత్త బాధగా. రెండో పిల్ల 'ఇప్పుడే వస్తా' అని మెట్లు దిగుతుంటే మళ్ళీ, 'పోవద్దమ్మే, ఆడ వాడుండాడు!' ఈసారి వెనక బెంచీ వాళ్ళు కూడా అందుకుని 'పోవద్దమ్మే' అన్నారు. మూడోసారికి నేల టిక్కెట్టు నుంచి పై వరస దాకా మూడొందల గొంతులు ఒక్కసారిగా పోవద్దని అరిచాయి. ఆ చచ్చు సినిమాకు అంత సందడి ఎక్కడా వచ్చి ఉండదు. అత్త నవ్వుతోంది. అరుస్తోంది, చేతులు తొడల మీద కొట్టుకుంటోంది, నవ్వుతోంది. ఊపులో కొంగు భుజం మీదికి జారిపోయిన సంగతి కూడా ఎరగదు.

'నీకెట్ల తెలస్తా ఉండాదత్తా ఎవరు పోతారో?' అని అడిగాను, నా ఉద్యోగం పోయిందన్న ఉక్రోషంతో. అత్త తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండానే, 'ఇప్పుడే వచ్చేస్తా అన్నోడు రాడురా' అంది. 'మీ మామ గూడా అదే కదా అనింది. వాన పడతా ఉండాది, మోటారు ఆపేసి ఇప్పుడే వచ్చేస్తా అని పాయె. స్టార్టరు డబ్బా మీద చెయ్యి పెట్న్యాడు. నేను రాగి సంగటి కెలకతా ఉండా. పోవద్దు అని ఒక్క మాట అనకపోతి.' ఆ మాట అనేసి మళ్ళీ తెర వైపు అరవడం మొదలుపెట్టింది. నేనూ తెర వైపే తిరిగాను. ఏమనాలో తెలిసే వయసు కాదు, తెలుసుకోవాలన్న ఆలోచన కూడా లేదు.

ఇంటర్వెల్ అయ్యాక చీకట్లో ముగ్గురు ఆలస్యంగా వచ్చి మా ముందు బెంచీలో కూర్చున్నారు. నేను పట్టించుకోలేదు. కాసేపటికి తెర మీద బంగళాలో కరెంటు పోయింది. తెర నల్లబడింది. ఎవరిదో ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ముందు బెంచీలో ఒకడు భయం పట్టలేక, తెర చూడకుండా ఉందామని వెనక్కి తిరిగాడు. సరిగ్గా అదే క్షణాన తెర మీద ఉరుము ఉరిమి మెరుపు మెరిసింది. ఆ వెలుగులో వాడి మూతికి జానెడు దూరంలో పచ్చగా గంధం పూసిన బోడితల, బయటికొచ్చిన కళ్ళు, అరవడానికి బార్లా తెరిచిన నోరు. వాడు పెట్టిన కేక అలాంటిలాంటిది కాదు. వాడి కేకకు పక్కవాడు, పక్కవాడి కేకకు వరస మొత్తం, వరసను చూసి హాలు మొత్తం. బెంచీ వెనక్కి పడింది, శనగల పొట్లం గాల్లోకి లేచింది, ఎవరో 'దేవుడా' అన్నారు. ఆపరేటర్ రీలు తగలబడిందేమోనని భయపడి సినిమా ఆపేసి లైట్లు వేశాడు.

లైట్ల వెలుగులో నేల మీద కళ్ళద్దాలు వెతుక్కుంటున్న వాణ్ణి గుర్తుపట్టాను. సోడాబుడ్డి! మిగతా ఇద్దరూ మావాళ్ళే. హాలంతా మా బెంచీ వైపే చూస్తోంది. అత్త కొంగు తలమీదికి లాక్కుంటూ, ఆపుకోలేక కిలకిలా నవ్వుతోంది. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని మొదట అత్తను, తర్వాత నన్ను చూశాడు.

'ఏమప్పా, నువ్వు ఈడుండావా? నీకు జొరం అనుకుంటిమే! ఎవురీ గుండవ్వ? మీవాళ్ళా?'

నవ్వడానికి ముగ్గురూ సిద్ధంగా ఉన్నారు. నేను జుట్టు పైకి ఊదుకుని, 'ఛ, లేదప్పా. ఎవరో కొండకొచ్చినోళ్ళు. నా పక్కన సీటు దొరికిందంతే' అన్నాను.

అది అనడానికి ఎంత సేపు పట్టిందని? అత్త నవ్వు ఆగింది. ఒక్కసారి నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. ఏదో లెక్క సరిచూసుకున్నట్టు చూసి, సోడాబుడ్డి వైపు తిరిగి, 'అవునప్పా, కొండకొచ్చిన దాన్ని. ఈ బాబెవురో మంచోడు, కూచోను జాగా ఇచ్చినాడు' అంది. అంత తొందరగా, అంత చక్కగా నన్ను కాపాడుతుందని నేను అనుకోలేదు. నా ప్రాణం కుదుటపడింది. (ఇప్పుడు తలచుకుంటే నాకు రోత పుట్టేది అన్న మాటకు కాదు, ఆ కుదుటపడటానికి.)

సినిమా మళ్ళీ మొదలైంది. నేను లేచి ముందు బెంచీలో స్నేహితుల పక్కన సర్దుకున్నాను. అత్త ఇక నోరు విప్పలేదు. తెర మీద ఒకడు 'ఇప్పుడే వచ్చేస్తా' అన్నాడు. హాలంతా ఒక్క క్షణం అత్త కేక కోసం ఎదురుచూసింది. రాలేదు. వాడు వెళ్ళి చచ్చాడు. మిగిలినవాళ్ళు కూడా పోవద్దని చెప్పే దిక్కు లేకుండానే వరసగా పోయారు. 'మొదట్లో ఏదో బాగుందంట కదప్పా, ఇప్పుడేమి ఇంత చప్పగా ఉండాది' అన్నాడు సోడాబుడ్డి ఆవలిస్తూ.

ఆట విడిచాక వాళ్ళు నన్ను టీకి లాక్కెళ్ళారు. గుంపులో అత్త కొంగు కనబడింది. ఆమె వెనక్కి తిరగలేదు, నన్ను పిలవలేదు. ఎవరినో దారి అడిగి, వాళ్ళు చూపించిన వైపు నడిచి వెళ్ళిపోయింది. నేను టీ తాగాను. సగంలో వదిలి పరుగెత్తానని రాయాలని ఉంది గానీ, పూర్తిగానే తాగాను.

ఇంటికి వెళ్ళేసరికి అత్త గడప దగ్గర కూర్చుని లడ్డూ తుంచి పక్కింటి వాళ్ళకు పంచుతోంది. అమ్మ నన్ను తిట్టలేదు. 'సందు మొదట్లో అత్తను దించేసి స్నేహితుల కాడికి పొయినావంట కదా' అంది. నేను నోరు తెరిచేలోగా అత్త, 'నేనే పొమ్మన్న్యాలే, సిన్న పిలగాడు' అంది. 'సినిమా ఎట్లుండాది వదినా?' అంటే, 'బలే భక్తి సినిమా. అందురూ దేవుడా దేవుడా అంటానే ఉండారు' అంది. అమ్మ తృప్తిగా తలాడించింది. నేను దొడ్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను, చాలాసేపు.

బస్టాండులో ఆమెను ఎక్కించి కిటికీ దగ్గర నిలబడ్డాను. క్షమించమని అడగాలని గొంతు దాకా వచ్చింది. వచ్చిన మాట మాత్రం వేరు. 'అత్తా, నాలుగో భాగం వస్తే నీకు కబురు పెడతా. ఇద్దరం పోదాం.'

'ఇంకోటి గూడా వస్తాదా? వాడు సచ్చిపాయె కదరా.'

'వాడు సావడత్తా. ప్రతిసారీ లేచి వస్తాడు.'

'బాగుండాదే' అంది అత్త. 'సచ్చినోళ్ళు వచ్చేది ఆడన్నా ఉండాది.'

నాకు ఇంక అక్కడ నిలబడలేననిపించింది. 'ఉండత్తా, సోడా తెస్తా. ఇప్పుడే వచ్చేస్తా' అని తిరిగాను. కిటికీలోంచి చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చెరుకు కొట్టిన చెయ్యి, అంత సులభంగా వదిలేది కాదు. 'ఆ మాట అనొద్దు. నాకు సోడా వద్దు, ఏమీ వద్దు. సుమ్నే, ఊరికే ఈడనే నిలబడు' అంది. హాల్లో నేనన్న మాట గురించి ఆ రోజు గానీ తర్వాత గానీ ఒక్క ముక్క అనలేదు. బస్సు కదిలేదాకా మణికట్టు పట్టుకునే ఉంది.

నాలుగో భాగం మరుసటి ఏడాదే వచ్చింది. నేను స్నేహితులతో వెళ్ళాను. అత్తకు కబురు పెట్టలేదు. పరీక్షలనీ, ఎండలనీ, ఆమెకు ఏం అర్థమవుతుందనీ నాకు నేనే చెప్పుకున్నాను. అయిదో భాగం వచ్చేనాటికి ఉద్యోగం వెతుకులాటలో పడ్డాను. ఆరో భాగం రాకముందే అత్త పోయింది. నిద్రలో పోయిందట, ఎవరికీ ఏ మాటా చెప్పకుండా. నేను వెళ్ళినప్పుడు అత్త కూతురు కళ్ళు తుడుచుకుంటూ, 'నువ్వు సినిమాకు తీసకపొయిన కత ఎన్నిసార్లు సెప్పిందో! గుండు సూసి పిల్లోళ్ళు జడుసుకున్న సంగతి సెప్పి సెప్పి నవ్వేది. మా అబ్బోడు పక్కనే ఉండాడు, నన్ను జాగర్తగా సూసుకున్న్యాడు అనేది. ఇంకో భాగం వచ్చిందేమో అడగమనేది' అంది. చావింట్లో ఏడిస్తే ఎవరూ కారణం అడగరు. ఆ ఒక్క సౌకర్యాన్ని నేను బాగా వాడుకున్నాను.

ఇప్పుడు నా తల చూస్తే మీకు నవ్వొస్తుంది. మొక్కేమీ లేకుండానే దేవుడు నా జుట్టంతా తీసుకున్నాడు. మొన్న ఆదివారం మా అమ్మాయి తన కాలేజీ స్నేహితురాళ్ళతో మాల్‌లో సినిమాకు వెళ్తూ నన్నూ రమ్మంది. చూస్తే అదే గోనె మొహం, అదే కొడవలి. ఎన్నో భాగమో లెక్క తప్పింది. 'మీరంతా కలిసి కూర్చోండి, నేను వేరే వరసలో కూర్చుంటాలేమ్మా' అన్నాను. నన్ను ఎవరో అనుకుంటే దానికి బాగుంటుందేమోనని, అనుభవం కొద్దీ. అది విచిత్రంగా చూసి, 'యాడికి పోతావు నాయనా?' అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, 'మా నాయన' అని అందరికీ చెప్పి మధ్యలో కూర్చోబెట్టింది. అంత చిన్న మాట. నోటికి ఏ కష్టమూ లేదు.

సినిమాలో కొత్తదనం ఏమీ లేదు. కారు చెడింది, ఫోను పనిచేయలేదు, కరెంటు పోయింది. ఒక కుర్రాడు తలుపు తీస్తూ ఇప్పుడే వస్తానన్నాడు. 'వీడు పోయినాడు' అన్నాను నేను మెల్లగా. పోయాడు. రెండోసారీ చెప్పాను, మూడోసారీ చెప్పాను. పిల్లలు నోళ్ళు తెరిచి, 'మీకెట్లా తెలుసంకుల్?' అన్నారు.

'మా అత్త చెప్పింది' అన్నాను.

'ఏ అత్త నాయనా?' అంది మా అమ్మాయి.

'మా అత్త. బెల్లం అత్త. మూడో భాగానికి నా పక్కనే కూర్చునింది. గుండు చేయించుకుని, గంధం పూసుకుని వచ్చింది. నేనే తీసుకొచ్చినా' అన్నాను. అక్కర్లేనంత గట్టిగా అన్నాననుకుంటాను, ముందు వరస వాళ్ళు తిరిగి చూశారు. చూడనిమ్మనుకున్నాను. పిల్లలకు కేక దాకా చెప్పాను, బెంచీ పడటం చెప్పాను, శనగలు చెప్పాను. పడీపడీ నవ్వారు. తర్వాతేమైందని అడిగితే సినిమా చూడమన్నాను.

ఆ పాపిడి కుర్రవాడు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడూ కనిపిస్తూ ఉంటాడు. హాల్లో లైట్లు వెలుగుతాయి, సోడాబుడ్డి అద్దాలు తుడుచుకుంటాడు, మీవాళ్ళా అని అడుగుతాడు. వీడు జుట్టు పైకి ఊదుకుని నోరు తెరుస్తాడు. ఏమంటాడో నాకు తెలుసు. వెనక బెంచీలో కూర్చుని 'ఒరేయ్, ఆ మాట అనొద్దురా' అని మా అత్త గొంతు పెట్టుకుని అరుస్తాను. నవ్వూ వస్తుంది, వాడి వాలకం చూస్తే. ఎన్నిసార్లు అరిచినా వాడు వినడు.